దగ్గరి దారి సారు

ఈదయ్య సారుకు మతి పోయిందని సూర్యాపేట బస్టాండు చుట్టుపక్కల ఒక పుకారు. రుజువు కూడా చూపిస్తారు. మిర్యాలగూడ నుంచి మా టైపింగ్ షాపుకు నేరుగా బస్సుండగా, ఆయన రోజూ కోదాడ చుట్టి వస్తాడు.

ఇంకెవరైనా అయితే పోనీలే అనుకునేవాళ్లు. సారు ముప్పై ఏళ్లు యూనివర్సిటీలో ఆపరేషన్స్ రీసెర్చ్ చెప్పి రిటైరైనాయన. అదేం చదువని అడిగితే, "తక్కువ తిప్పలతోని ఎక్కువ పని చేసుడు" అంటాడు. ఎవరైనా తిప్పలు పడుతుంటే చూడలేడు. అడక్కపోయినా తగ్గిస్తాడు.

మొదటిరోజే మా ఓనరు త్రివేణక్కను, అంటే సొంత మేనకోడల్ని, నిలదీశాడు.

"ఈ పిల్ల పొద్దుందాక ప్రింటరు కాడికి ఎన్ని అడుగులు నడుస్తదో ఎరికేనా? నాలుగు వందల పన్నెండు."

"నడిస్తే మంచిదే గద మామా."

ప్రింటరు నా పక్కకు జరిగింది. ప్లగ్గు అందలేదు. అయితే పిల్లనే జరపాలన్నాడు. వారం రోజులు గుమ్మంలో కూర్చుని టైపు చేశాను. వచ్చేపోయేవాళ్లు పెన్‌పహాడ్ బస్సు ఎప్పుడని నన్నే అడిగేవాళ్లు. ఇంటరు మధ్యలో మానేసినదాన్ని, కొత్తవాళ్లతో నాకు గొంతు పెగలదు. గోడ మీది టైంటేబులు వైపు చెయ్యి చూపించేదాన్ని.

ఎదుటి ఇడ్లీ బండినీ వదల్లేదు. సాంబారు వాళ్లొక లైను, చట్నీ వాళ్లొక లైను కట్టాలన్నాడు.

"ఉన్నదే ముగ్గురు సార్," అన్నాడు బండాయన.

"రేపు పెరిగితే?"

ఆయన రాస్తున్నది తన డిపార్టుమెంటు యాభై ఏళ్ల చరిత్ర. రోజుకు రెండు పేజీలు. నేను టైపు చేసిన కాగితాలు తీసుకెళ్లి, మర్నాడు దిద్దుబాట్లతో తెచ్చేవాడు. లారీలో సామాను ఎట్లా పట్టించాలో పాఠాలు చెప్పే ఆ డిపార్టుమెంటుకు మొదటి కంప్యూటరు వస్తే, అది తలుపులో పట్టలేదట. గోడ పగలగొట్టి లోపల పెట్టారని టైపు చేశాను. మర్నాడు గోడ కాదు, కిటికీ అని వచ్చింది.

"సూసినవా, నిన్న రాసింది ఇయ్యాల యాదికుండది," అంది త్రివేణక్క.

ఇంతలో యూనివర్సిటీ నుంచి ఫోను. సోమవారానికి పుస్తకం అందకపోతే, డిపార్టుమెంటు హెడ్ల పేర్లు మాత్రం అచ్చేసి సరిపెడతామన్నారు. శనివారం సారు మెట్టు తప్పి కాలు బెణికించుకున్నాడు. నాకు ఫోను చేశాడు.

"శ్రుతీ, ఆఖరి పేజీలు ఫొటో పంపిన. టైపు చేసుకొని కోదాడ పో బిడ్డా. హీరాలాల్ అని, మా డిపార్టుమెంట్ల అటెండర్. రిటైరైనంక కండ్లు పోయినయి. పుస్తకమంత మొదటి సంది ఇంకోసారి సదివి వినిపియ్యి. ఆయన సరే అంటెనే పుస్తకం పోతది."

"నేనా సార్? పైకి చదవాలా?"

"లోపల సదువుకుంటె ఆయనకెట్ల ఇనబడ్తది?"

కోదాడలో హీరాలాల్ మంచం మీద లేచి కూర్చున్నాడు. చదవడం మొదలుపెట్టాను.

"జర గట్టిగ అమ్మా. కండ్లే పోయినయనుకున్న, చెవులు గూడ పోయినయా ఏంది."

గొంతు పెంచాను. కంప్యూటరు దగ్గర చెయ్యెత్తాడు.

"కిటికీ పగలగొట్టలే, ఊడదీసినం. పొద్దుగూకేసరికి నేనే మళ్ల బిగించిన. అప్పటికి సారు నౌకరిలనే చేరలే, ఆయనకేం తెలుసు?"

దిద్దుకున్నాను.

"ఇంకోటమ్మా. ప్రొఫెసర్ల నడుమ నా పేరెందుకు? నవ్వుతరు. తీసెయ్."

"తీస్తే సారు కుంటుకుంటూ మళ్లీ మీ ఇంటికొస్తాడు," అన్నాను. అంత పొడుగు మాట నేను కొత్తవాళ్లతో అనడం అదే మొదలు.

ఆయన చాలాసేపు నవ్వాడు. "వద్దులే. ఉండనియ్."

సారుకు ఫోను చేసి చెప్పాను. అట్ట మీద వెయ్యాల్సిన రెండు పేర్లు చెప్పి రాసుకోమన్నాడు. ఎవరిది ముందని అడిగాను.

"సీనియారిటీ సూడు. ఆయన నాకంటె రెండేండ్లు ముందు చేరిండు."

సోమవారం పుస్తకం వెళ్లింది. దాన్ని రాసినవాళ్లు ఇద్దరు: హీరాలాల్, ఈదయ్య. మొదటాయన కోదాడలో ఉంటాడు.