అందరూ చదివేదాకా

నా చిన్నప్పుడు ఒక పుస్తకం ఎలా ఉందని ఎవరైనా అడిగితే "బాగుంది" అనేసి తల దించుకునేదాన్ని. అంతకు మించి ఒక్క మాట పైకి వచ్చేది కాదు. లోపల మాత్రం చాలా ఉండేవి. వాటిని బయటికి రప్పించింది మా పక్కింటి అక్క. ఇప్పుడు నా వయసు అప్పటి ఆమె వయసును దాటిపోయింది. అయినా తలుచుకుంటే నేనే చిన్నదాన్ని, ఆమె అక్క.

మా ఊరికి పెదబయలు దాటి ఇంకా పైకి వెళ్ళాలి. జీపు దిగాక కాఫీ తోటల మధ్య నుంచి నడక. అక్క ఇంటర్ చదువుతూ ఉండగానే సికిల్ సెల్ జబ్బు ముదిరి ఇంటికి వచ్చేసింది. రక్తంలో ఉండే ఆ లోపం మా కొండల్లో చాలా ఇళ్ళకు తెలుసు. ఒంట్లో బాగున్న రోజుల్లో ఆమె అందరిలాగే ఉండేది. వాళ్ళమ్మతో కూర్చుని మిరియాలు వలిచేది, పాటలు పాడేది, నన్ను ఆట పట్టించేది. నొప్పులు వచ్చిన రోజు ఆ ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉండేది. అది చూసి మేం పిలవకుండా వెనక్కి వచ్చేసేవాళ్ళం.

చదువు ఆగిపోయింది గానీ పుస్తకాలు ఆగలేదు. సంతకు వెళ్ళేవాళ్ళకు చెప్పి, పాత స్నేహితురాళ్ళను బతిమాలి నవలలు తెప్పించుకునేది. వచ్చిన ఒక్క పుస్తకాన్నీ ఆమె, ఊళ్ళో ఇంటర్ చదివే మరో ఇద్దరమ్మాయిలు, ఏడో తరగతిలో ఉన్న నేను వంతులు వేసుకుని చదివేవాళ్ళం. ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ అరుగు మీద చేరి ఎవరు ఎక్కడిదాకా వచ్చారో, ఏమనిపించిందో చెప్పుకోవాలి. మిగిలిన ఇద్దరూ గలగలా చెప్పేవారు. చివరికి అక్క నా వైపు తిరిగేది.

"ఏటే గుంటా, నువ్వేటంతావు?"

"బాగుంది అక్కా."

"అంబలి తాగినా బాగుందంతావు, జడేసినా బాగుందంతావు. దీనికీ అదేనేటి? ఎక్కడ బాగుందో సెప్పు."

నేను అరుగు అంచున మట్టి గీకుతూ కూర్చునేదాన్ని. ఆమె విసుక్కోలేదు, వదిలిపెట్టనూ లేదు. ప్రతి ఆదివారం అడిగేది.

ఆమె పెట్టిన నియమం ఒకటి ఉండేది. సగం దాకా ఎవరేమైనా అనుకోవచ్చు. ముగింపు గురించి మాత్రం ఆఖరి మనిషి చదివేదాకా నోరు విప్పకూడదు. మామిడి కొత్తను చూసి ఆ నియమం పెట్టింది. మా ఊళ్ళో చెట్లు కాయలతో వంగిపోయినా, పూజారి రోజు చెప్పి, దేవతకు పెట్టి, ఊరంతా కలిసి కొత్త తినేదాకా ఎవరూ మామిడికాయ కొరకరు. "ముందు తిన్నోళ్ళకి రుచొకటే దక్కుద్ది. అందరితో తింతే కబుర్లు కూడా దక్కుతాయి" అనేది అక్క.

ఆ ఏడాది ఎండలు మొదలయ్యేనాటికి మా చేతుల్లో ఒక దర్జీ ఆవిడ కథ ఉంది. చనిపోయిన చెల్లెలి కొడుకును పెంచుకుంటుంది. కుర్రాడు పెద్దవుతూ ఉండగా తండ్రి వచ్చి తీసుకుపోతానంటాడు. నలుగురిలో ముగ్గురం చదివేశాం. ఇంటర్ అమ్మాయిలు పరీక్షలకు వెళ్ళిపోయారు. నొప్పుల వల్ల అక్క వంతు ఆఖరికి వచ్చింది. ఆ ముగింపు చదివి నేను ఏడ్చాను. ఏడుపు తగ్గాక కోపం వచ్చింది. ఆ దర్జీ ఆవిడతో పోట్లాడాలనిపించింది. పుస్తకం మీద నాకు అలాంటి కోపం రావడం అదే మొదలు. ఇది మాత్రం అక్కకు చెప్పాలి, ఆమె త్వరగా చదివేస్తే బాగుండును అనుకుంటూ పుస్తకం తీసుకెళ్ళాను.

అక్క అరుగు మీద నులక మంచంలో పడుకుని ఉంది. పక్కనే వాళ్ళమ్మ మిరియాలు ఏరుతోంది. ఆమెను నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. అక్క రెండు పేజీలు తిప్పింది, పుస్తకాన్ని గుండెల మీద బోర్లించింది.

"కళ్ళు లాగేత్తన్నాయే. ఆకరికేటయిందో నువ్వే సెప్పీ."

నన్ను పరీక్షిస్తోందేమో అనుకున్నాను. "నువ్వు సదవలేదు కదక్కా. బాగయ్యాక సదువుకుందువు."

అక్క వాళ్ళమ్మ వైపు చూసింది.

పెద్దమ్మ లేచింది. గెడకర్ర తీసుకుని ఇంటి పక్క చెట్టు నుంచి ఒక కాయ రాల్చింది. కత్తిపీట ముందేసుకుని ముక్కలు కోసింది, ఉప్పూ కారం జల్లి కూతురి అరచేతిలో పెట్టింది. కొత్త కాకముందు రాలిన పిందెను పిల్లలు ముట్టుకున్నా ఊరుకునే మనిషి కాదు ఆమె.

"ఇంకా పండగ రాలేదు కదా పెద్దమ్మా" అన్నాను.

"దేవతతో నాను మాటాడుకుంతాను. నువ్వు దానికి కత సెప్పు."

ఆమె ముఖం చూశాక నాకు అర్థమైంది. అక్క ఎదురుచూస్తోంది. చెప్పడం మొదలుపెట్టాను. పిల్లాడికి కొత్త చొక్కా కుట్టి తొడుగుతుంది. నాలుగు రోజులు ఊరు చూసి వచ్చేద్దువని అబద్ధం చెప్పి బస్సెక్కిస్తుంది. ఇంటికొచ్చి మళ్ళీ మిషన్ ముందు కూర్చుంటుంది. అంతే కథ.

"నీకేటనిపించింది?"

"ఆవిడ సేసింది తప్పు."

"ఎందుకే?"

"సెప్పకుండా పంపీసింది. తెలిస్తే ఆడు ఎల్లేముందు ఆవిణ్ణి ఒకపాలి సరిగ్గా సూసుకునేవోడు కదా."

"ఆవిడ ఏడుస్తా కూకుంతే ఆడి కాలు బస్సెక్కుద్దా?"

"ఎక్కకపోతే మానీమను. ఉత్తుత్తి మాటలు సెప్పడం కన్నా నయం."

అక్క కనుబొమలు ఎగరేసింది. "ఓలమ్మా, దీనికి నోరుందే" అని నవ్వింది. నేను తగ్గలేదు. ఎంతసేపు వాదించుకున్నామో తెలియదు. ఆమె ముక్క కొరికి ఒక మాట అనేది, నేను దానికి రెండు అనేదాన్ని.

అప్పుడు, అక్షరం రాని పెద్దమ్మ చేటలోంచి తల ఎత్తకుండానే అంది. "ఆ గుంటడికి తెలిసే ఉంతాది. ఆవిడ కోసం తెలీనట్టు ఎక్కుంతాడు."

అక్క వాళ్ళమ్మ వైపు తిరిగింది.

"అది పుస్తకంలో లేదు కదమ్మా" అంది అక్క.

"లేకపోతేటి."

అక్క ఉప్పంటిన వేళ్ళతోనే వాళ్ళమ్మ మోచేయి పట్టుకుంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. తర్వాత అక్క నాతో, "నాను ఇంకా ఒప్పుకోనే. ఆవిడ రైటే. ఎందుకో రేపొచ్చినప్పుడు సెప్తాను" అని కళ్ళు మూసుకుంది.

మర్నాడు నేను వెళ్ళేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆ తర్వాత జీపులో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆమె ప్రాణాలతో తిరిగి రాలేదు. మామిడి కొత్త రోజున పెద్దమ్మ అందరితోపాటు వచ్చి దేవత ముందు నిలబడింది. ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు.

ఆ నవల మళ్ళీ సంపాదించి చదివాను. ఇప్పటికీ ఆవిడది తప్పనే అంటాను. కాకపోతే అక్క వైపు నుంచి కూడా వాదించి చూస్తాను. కారణాలు దొరుకుతాయి, మంచివే దొరుకుతాయి. అవన్నీ నేను అనుకున్నవి. ఆమె ఏం చెప్పేదో వాటిలో లేదు.

నేను ఇప్పటికీ నలుగురిలో మాట్లాడలేను. కానీ నేనుండే హాస్టల్లో ఎవరి చేతిలోనైనా పుస్తకం కనిపిస్తే దగ్గరికి వెళ్ళి ఎలా ఉందని అడుగుతాను. కొంతమంది "తర్వాత చెప్తాలే" అంటారు. అప్పుడు మాత్రం నేను కదలను. వాళ్ళ మంచం అంచున కూర్చుని, ఎంత చదివితే అంతవరకే, ఇప్పుడే చెప్పమంటాను.