తవుడుకి కొన్న బిడ్డ

మంగాదేవి ఆంటీది విజయనగరం దగ్గర పల్లె. న్యూజిలాండ్ క్రైస్ట్‌చర్చ్‌లో ఒక చిన్న మ్యూజియంలో నేను గార్డుని, ఆవిడ క్లీనర్. నా బూట్లకి మట్టి కనిపిస్తే చాలు, పొద్దున్నే నన్నూ దులిపేసేది.

2016లో గాంధారశిల్పం ఒకటి పెట్టారు. ఒళ్లో బిడ్డతో తల్లి, చేతిలో పళ్లు నిండిన కొమ్ము. పక్కన రాసింది చదివి చెప్పమంది ఆంటీ. గ్రీకులు మనవైపొచ్చి ఉండిపోయాక, వాళ్ల అదృష్టదేవత కొమ్ము మన హారీతి చేతికొచ్చిందనీ, పిల్లల్ని కాపాడే తల్లనీ చెప్పాను. అంతకుముందు ఆవిడ పిల్లల్ని తినే యక్షిణి అన్న ముక్క మింగేశాను. ఆంటీ కూతురు శ్రీజకి అప్పటికే రెండుసార్లు కడుపు పోయింది. ఎలా చెప్పమంటారు?

మర్నాడు శిల్పం చుట్టూ ఉన్న అద్దం తుడుస్తూ ఆంటీ మొక్కేసింది. "బిడ్డనియ్యి తల్లీ, పుట్టింది నీ బిడ్డే." మనవాళ్లందరూ అనే మాటే. కానీ ఏ తల్లికి మాటిస్తోందో నాకు తెలుసు.

ఏడాది తిరక్కుండా శ్రీజకి ఏడోనెలలోనే ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉంచారు, ఆశ పెట్టుకోవద్దన్నారు. ఆ వారమే, శిల్పం ఒళ్లో బిడ్డకి అరిగిపోయిన ముఖం తేటపడసాగింది. ముందు ముక్కు, తర్వాత కళ్లు. నా భ్రమేననుకున్నాను. శ్రీజ పంపిన పిల్ల ఫోటోని అద్దం పక్కన పెట్టి చూశాను. అదే ముఖం.

ఇక దాచలేక ఆంటీకి అంతా చెప్పి, తప్పు నాదేనని ఏడ్చేశాను.

"నాకు తెల్దనుకున్నావేటి దామోదరూ? తినే తల్లినే కదా తినొద్దని మొక్కుతాం" అంది. "ఇచ్చీసిన మాట తీసుకోలేం. కొనుక్కోవచ్చు."

పిల్లలు దక్కని ఇళ్లలో బిడ్డని ఒకరికి ఇచ్చేసి, తవుడు పోసి తిరిగి కొనుక్కోవడం వాళ్లవైపు ఆచారం. ఇక్కడ వరితవుడు ఎక్కడిది? సూపర్‌మార్కెట్ నుంచి ఓట్స్ తవుడు తెచ్చి, అద్దం ముందు దోసెడు పోసి దణ్ణం పెట్టింది.

సందర్శకులొచ్చేలోగా ఊడ్చేద్దామని చీపురుతో వెళ్లాను. నేలమీద పొట్టు కూడా లేదు. తాళం వేసిన అద్దం లోపల, తల్లి పాదాల దగ్గర ఉంది కుప్ప. ఒళ్లో బిడ్డ ముఖం మళ్లీ నున్నగా అరిగిపోయింది. ఆ సాయంత్రమే పిల్ల మొదటిసారి పాలు తాగింది.

అక్షర అని పేరు పెట్టారు. ఆంటీ మాత్రం తవిటమ్మ అనే పిలుస్తుంది. రెండేళ్లప్పుడు మ్యూజియంకి తీసుకొచ్చారు. పిల్ల తిన్నగా అద్దం దగ్గరికి నడిచి, రాతితల్లిని చూసి "అమ్మ" అంది. శ్రీజ నవ్వేసింది.

ఆంటీ నవ్వలేదు. పిల్లని చటుక్కున చంకనేసుకుని, అద్దంవైపు తిరిగి గట్టిగా చెప్పింది.

"కొనీసుకున్నాం తల్లీ."