వీపుల దడి

2008 జూన్‌లో నన్ను మన్యంలోని ముంచింగిపుట్టు మండలానికి ప్రత్యేక ఉపాధ్యాయురాలిగా వేశారు. వైకల్యం ఉన్న పిల్లల ఇళ్లకు వెళ్లి, ఏ బిడ్డకు ఏం నేర్పాలో చూసుకుని, తల్లికి కూడా నేర్పడం నా పని. ఆటిజానికి అప్పటి వికలాంగుల చట్టంలో విడిగా చోటు లేదు. సర్టిఫికెట్లో బుద్ధిమాంద్యం అనే రాసేవారు.

అలా ఆటిజం ఉన్న పిల్లల్లో సుక్రి ఒకతి. తొమ్మిదేళ్లు. మాటలు రావు. సంత అంటే మాత్రం ప్రాణం. ఎవరైనా చోళ్లు, అంటే రాగులు, కొలిచి పోస్తుంటే ఆ ధారలో చెయ్యి పెట్టి నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకు కడుపు నిండిపోయేది. పెద్ద చప్పుడంటే పడదు. ఒక సంతనాడు మందులమ్మే జీపు మైకు పక్కనే మోగడంతో చెవులు మూసుకుని, అరుస్తూ నేలమీద దొర్లింది. తల్లి బుద్రి ఊరుకోబెడుతుంటే ఎవడో సెల్‌ఫోన్‌లో వీడియో తీశాడు. అది బ్లూటూత్‌లో ఫోన్ నుంచి ఫోన్‌కు పాకి, చివరికి ఇంటర్నెట్‌కెక్కింది.

పాడేరు మీటింగుకు వెళ్లినప్పుడు నెట్ సెంటర్లో చూశాను. కింద జనం తోచింది రాశారు. దెయ్యం పట్టిందని ఒకరు, తల్లి పెంపకమే బాగాలేదని ఒకరు, పాపం, ఇలాంటి పిల్లల్ని బయటికి తేకూడదని ఇంకొకరు. ఆ పాపం అన్నవాళ్ల మీదే నాకు ఎక్కువ ఒళ్లు మండింది. ఆటిజం అంటే ఏమిటో నాలుగు ముక్కలు రాసి, వీడియో తీసేయమని అడిగాను. పాఠం చెప్పడానికి వచ్చిందని నన్నూ వెక్కిరించారు.

నేను తిరిగొచ్చేసరికి దుకాణాలవాళ్లు బుద్రికి ఆ వీడియో చూపించేశారు.

"అందరూ సూసీసినారు టీచరమ్మా. ఇంక దీన్ని సంతకి తేను. లోపలెట్టి గడేసీసి వత్తాను" అంది.

విస్తళ్లు కుట్టే అడ్డాకులు సంతలో అమ్ముకోకపోతే ఆమెకు గడవదు. అంటే ఇక ప్రతి సంతనాడూ ఆ పిల్ల చీకటింట్లో ఒంటరిగా ఉండాలి. నాకు ఏడుపొచ్చింది. జీపుకు దూరంగా కూర్చోమని చెప్పాను. వీడియోలు తీసేవాళ్లకు నా దగ్గర మందు లేదు.

వింటున్న బుద్రి అత్త సోంబారి విసుక్కుంది. "దారిలో నొప్పులొత్తే ఏటి సేత్తాం? సుట్టూ కూకుంటాం. దీనికీ కూకుంటాం."

ఆసుపత్రికి మోసుకెళ్తుండగా ఎవరికైనా దారిలోనే కానుపైతే, ఆ ఊరి ఆడవాళ్లు ఆమెకు వీపు పెట్టి దడి కట్టినట్టు కూర్చుంటారు. బయటివాళ్లను చూడనివ్వరు, తామూ తిరిగి చూడరు.

తర్వాతి సంతలో దూరంగానే కూర్చున్నా మైకు వినిపించింది. సుక్రి మళ్లీ చెవులు మూసుకుని, ఏడుస్తూ నేలమీద పడిపోయింది. ఊరి ఆడవాళ్లు బుట్టలు జరుపుకుని తల్లీబిడ్డల చుట్టూ కూర్చున్నారు, బేరాలు ఆపకుండానే. నేనూ కూర్చున్నాను. ఒక కుర్రాడు ఫోన్ పట్టుకుని వచ్చాడు. "పసుపు కొంతావా? కొనకపోతే బేగి ఎల్లు, బేరాలకి అడ్డం" అంది సోంబారి. వాడు వెళ్లిపోయాడు.

కాసేపటికి ఏడుపు ఆగింది. ఒక చిన్న వీపు వచ్చి నా వీపుకు ఆనుకుంది. నేను కదల్లేదు.

ఆ వీడియో చాలాకాలం అలాగే ఉంది. సుక్రి మాత్రం సంత మానలేదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ ఊరు వెళ్లినా, బిడ్డకు ఏమేం రావో అడిగే ముందు, బిడ్డ పక్కన ఎవరు కూర్చుంటారని అడిగాను.