మౌసు మీద తువ్వాలు

ఆళ్లగడ్డ చరిత్ర రాయదలచిన పండితులు రాతిశిల్పుల ఉలిదెబ్బతో మొదలుపెడతారు. అది వారి ఇష్టం. కానీ బస్టాండు వెనక సందులోని ఎముకల ఆసుపత్రిలో, రోజూ తలుపులు తెరవగానే, మాధవయ్య అనే పెద్దమనిషి కంప్యూటరు మౌసు మీద నీలిగళ్ల తువ్వాలు కప్పేవాడన్న సంగతి ఏ గ్రంథానికీ ఎక్కలేదు. ఏ రాజు ఏ తిథినాడు కిరీటం పెట్టుకున్నాడో కనిపెట్టి చెప్పే శాస్త్రానికి ఇంతటి ఘట్టం ఎలా కనబడకుండా పోయిందో తెలియదు. ఆ లోటు తీర్చడానికే ఈ నాలుగు మాటలు.

మాధవయ్యది బజారువీధిలో బట్టల అంగడి. తండ్రి కాలంలో నడిచింది, ఈయన కాలంలో నిలబడింది, తర్వాత కూర్చుంది. అంగడి మూసేనాటికి ఆయన దగ్గర మిగిలిన సరుకు గొంతు ఒక్కటే. దానితో ఎముకల ఆసుపత్రిలో రోగులను పిలిచే ఉద్యోగంలో చేరాడు. పిలవడంలో మాత్రం అంగడి మర్యాద వదల్లేదు. నంబరుతో ఎవరినీ పిలిచి ఎరగడు. “రుద్రవరం పెద్దమ్మా, లోపలికి రాండి. నిదానంగా, మోకాలు జాగ్రత్త” అనేవాడు. “పో” అన్న మాట ఆయన నోట రాదు, “పోయి రాండి” అనే అంటాడు. టోకెన్లు అయిపోయాయనడు, నిండుకున్నాయంటాడు. విరిగిన కాళ్లతో వచ్చినవాళ్లకు కూడా చీరల బేరానికి వచ్చామేమోనన్న భ్రమ కలిగేది.

పెద్ద డాక్టరు పోయాక కొడుకు శరత్ డాక్టరు వచ్చాడు. ఆయనతో పాటు గోడకు టీవీ, టీవీకి కంప్యూటరు వచ్చాయి. కంప్యూటరు వేయగానే బ్రౌజరులో ఒక పేజీ తెరుచుకుంటుంది. నంబరు మారినప్పుడల్లా అందులోంచి ఒక ఆడగొంతు పిలుస్తుంది. మూడుసార్లు పిలిచి తర్వాతి నంబరుకు పోతుంది. మోకాళ్ల నొప్పులవాళ్లు లేచేలోగా అది ముగ్గురిని దాటిపోయేది.

“యంత్రం సరిగ్గా పలికేదాకా మీరుండండి మాధవయ్యన్నా. తర్వాత చూద్దాం” అన్నాడు డాక్టరు. ఆ తర్వాత ఏముంటుందో ఇద్దరికీ తెలుసు.

మరునాడు పొద్దున టీవీలో నంబర్లు మారాయి గానీ శబ్దం లేదు. మాధవయ్య సంతోషాన్ని దిగమింగి, ఎప్పటిలాగే పిలిచాడు. నంద్యాల నుంచి అజయ్ కుమార్ అనే కంప్యూటరు కుర్రవాడు బస్సు దిగి వచ్చాడు. స్పీకరు వైరు పీకి పెట్టాడు, వాల్యూము చూశాడు, పేజీని ఎవరైనా మ్యూట్ చేశారేమోనని వెతికాడు. ఆ వెతుకులాటలో పేజీ మీద నొక్కగానే ఆడగొంతు పలికింది.

“బాగానే ఉండాదే అన్నా! ఏం చేస్తిరి మీరు?”

“మేమేం చేస్తామప్పా. నువ్వొస్తే పలుకుతాది, నువ్వు బస్సెక్కితే మూగబోతాది. నీ మీద ప్రేమేమో!”

అట్లా అతను చాలాసార్లు వచ్చాడు. బ్రౌజరు తీసి మళ్లీ వేశాడు, పాత జ్ఞాపకాలన్నీ తుడిచాడు, కొత్త స్పీకరు తెచ్చాడు. వచ్చినప్పుడల్లా పలికేది. పోయిన మర్నాడు పలికేది కాదు. చివరికి నెట్టు మీదికి నెట్టేశాడు.

అసలు సంగతి ఒకనాడు దుమ్ము దులుపుతుంటే మాధవయ్యకు తెలిసింది. గుడ్డ తగిలి మౌసు టక్కుమంది, ఆ వెంటనే యంత్రం గొంతు విప్పింది. పేజీ తెరుచుకున్న ప్రతిసారీ ఎవరో ఒకరు దాని మీద ఒక్కసారి నొక్కితే తప్ప బ్రౌజరు తనంత తానుగా శబ్దం చేయదు. అడగకుండా అరిచే పేజీల నుంచి జనాన్ని కాపాడడానికి పెట్టిన మర్యాద అది. మాధవయ్యకు మర్యాద అంటే గౌరవం. మరునాడు ఎవరి చేయీ తగలకుండా మౌసు మీద తువ్వాలు కప్పాడు.

“పాలగిన్నె దించే తువ్వాలు యాడ పెట్టినారండీ?” అని ఇంట్లో భార్య అన్నపూర్ణ అడిగింది.

“ఆసుపత్రిలో పనుండాది దానికి” అన్నాడు.

నిజానికి ఇద్దరి తిండీ ఆ తువ్వాలు కిందే ఉంది.

వానాకాలంలో జలుబు చేసి మాధవయ్య గొంతు పూర్తిగా పట్టేసింది. ఆ రోజు హాలు కిటకిటలాడుతోంది. నల్లమల గూడెం నుంచి నరసింహమ్మ అనే ముసలామె మణికట్టు విరిగి వచ్చి, లోపల చోటు లేక వరండాలో కూర్చుంది. ఆమెకు టీవీలో అంకెలు చదవడం రాదు. మాధవయ్య సెట్టి పిలుస్తాడులే అన్న ధీమా ఒక్కటే ఉంది. ఆమె వంతు వచ్చినప్పుడు మాధవయ్య పిలిచాడు. గాలి తప్ప మాట రాలేదు. ఆయన చేయి తువ్వాలు దాకా పోయింది. ఒక్కసారి నొక్కితే చాలు. తువ్వాలు అంచు సర్ది చేయి వెనక్కి తీసుకున్నాడు. వరండాలోకి పోయి చూద్దామనుకుంటుండగానే తర్వాతి రోగి లేచాడు. తర్వాత ఇంకొకరు. మధ్యాహ్నం డాక్టరు ఆపరేషనుకు నంద్యాల వెళ్లిపోయాడు. ఆమె సాయంత్రం దాకా కూర్చుని, గూడెం చేరి, ఎవరిచేతనో కట్టు కట్టించుకుంది.

కొన్ని వారాలకు ఆమె మళ్లీ వచ్చింది. చేయి వంకరగా అతుక్కుంది.

“అన్నం తినేదానికి వస్తాదా సారూ?”

“వస్తుందమ్మా.”

“చింతకాయ దులిపేదానికి?”

డాక్టరు ఎక్స్‌రే మళ్లీ వెలుతురుకు పెట్టి చూశాడు.

బయటికొచ్చి ఆమె మాధవయ్య ముందు ఆగింది. “ఆ పొద్దు నన్ను పిలవకపోతివే సెట్టీ.”

“పిలిచినానమ్మా. గొంతు రాల్యా.”

“అట్నా! ఇప్పుడు బాగైందా నీ గొంతు?”



మరునాడు పొద్దున ఆయన తువ్వాలు కప్పలేదు. రిసెప్షన్‌లో ఉండే కీర్తిని పిలిచాడు. “అమ్మా, ఎవురూ నొక్కకుండానే ఇది పలికేట్టు చేసే దావ ఉండాదా?”

“ఉండాది పెద్దనాయనా.”

“నీకు తెలుసునా?”

“మొదటి వారం నుంచీ తెలుసు” అంది ఆ పిల్ల, కంప్యూటరు వైపే చూస్తూ. పేజీ చిరునామా పక్కనున్న బొమ్మ నొక్కి, శబ్దం దగ్గర ‘అనుమతించు’ అని పెట్టింది. “వద్దంటే ఇప్పుడే తీసేస్తా.”

“ఉండనీ” అన్నాడు మాధవయ్య.

డాక్టరు మాట తప్పే మనిషి కాదు. యంత్రం నెలాఖరు దాకా తప్పకుండా పలకడం చూసి, మాధవయ్యకు శాలువా కప్పాడు. ఏమైనా కావాలా అని అడిగితే, “వరండాలో ఇంకో స్పీకరు పెట్టించండి సార్. దాన్ని కొంచెం నిదానంగా పిలవమనండి” అన్నాడాయన. స్పీకరు పెట్టించారు. నిదానం సంగతి అజయ్ కుమార్ కనుక్కుంటానన్నాడు.

తువ్వాలు ఇంటికొచ్చింది. అన్నపూర్ణ దాంతో పాలగిన్నె దించుతోంది.