మా బావ కుర్చీ ఎక్కడుంది?

మనిషి తన ఇంట్లో, తన కుర్చీలో, కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉండగా, "నువ్వు పక్కింటి వంటింట్లో ఉన్నావు" అని ఎదురుగా ఉన్న యంత్రం చెబితే, లేచి వెళ్ళి చూసి రావాలా, అక్కర్లేదా? నేను చదివిన పుస్తకాలు తక్కువేం కాదు గానీ, ఈ ప్రశ్న వాటిలో ఎక్కడా తగల్లేదు. మా బావ మాత్రం లేచి వెళ్ళి చూసొచ్చాడు.

బావ అంటే మా అక్క భర్త. వాళ్ళు కింది వాటాలో ఉండేవారు, నేను పై వాటాలో. ఆయన జన్మంతా కళ్ళజోళ్ళ దుకాణం నడిపాడు. వచ్చినవాణ్ణి చీకటి గదిలో కుర్చీలో కూర్చోబెట్టి, గడ్డం స్టాండు మీద ఆనించమని, కంటి ముందు ఒక అద్దం పెట్టి, తీసి, ఇంకోటి పెట్టి, "ఇది బాగుందా... ఇదా?" అని అడిగేవాడు. మా వీధిలో సగం మంది ముక్కుల మీద ఉన్నవి ఆ ప్రశ్నకి జవాబులే.

జవాబులన్నీ ఎదుటివాళ్ళ నోట వినీ వినీ, సొంతంగా ఏదీ ఎంచుకోవడం ఆయనకి పట్టుబడలేదు. పొద్దున్నే రెండు చొక్కాలు పట్టుకుని మెట్లెక్కి వచ్చేవాడు. "ఇదా, ఇదా?" నేను పుస్తకంలోంచి తలెత్తకుండా "మొదటిది" అనేవాణ్ణి. తృప్తిగా దిగి వెళ్ళిపోయేవాడు.

దుకాణం మూసేశాక ఆ కుర్చీనీ, గడ్డం స్టాండునీ, అక్షరాల అట్టనీ ఇంటికి తెచ్చి ముందు గదిలో పెట్టించాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆ కుర్చీలోనే కూర్చుని, గడ్డం ఏం చెయ్యాలో తెలీక, స్టాండు మీద పెట్టుకునే కబుర్లు చెప్పేవారు.

అక్క ఈ లోపల జియోకాచింగ్ క్లబ్బులో చేరింది. ఎవరో ఎక్కడో చిన్న డబ్బా దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాల అంకెలు ఇంటర్నెట్‌లో పెడతారు. మిగతావాళ్ళు ఆ అంకెలు పట్టుకుని వెతుక్కుంటూ వెళ్ళి, డబ్బాలో ఉన్న కాగితం మీద పేరు రాసి, ఎక్కడిది అక్కడ పెట్టేస్తారు. అంతే ఆట. ప్రతి ఆదివారం వ్యాను వచ్చేది, అక్క ఎక్కి కొండలకి వెళ్ళిపోయేది. బావ సాయంత్రం దాకా ఆ కుర్చీలో ఒక్కడే కూర్చుని ఎదుటి అట్ట మీది అక్షరాలు పై నుంచి కిందికి, కింది నుంచి పైకి చదువుకునేవాడు.

ఓ రోజు ఉండబట్టలేక అడిగాడు. "నేనూ రావచ్చా?"

"రావచ్చు. కానీ వ్యానులో ఒక్క సీటే ఖాళీ ఉంది. పక్కింటి దర్జీ ఆవిడ కూడా అడుగుతోంది," అంది అక్క. "మన పార్కులో నేనో డబ్బా దాచాను. ఆదివారం లోపు దాన్ని పట్టుకుంటే సీటు మీది. లేదంటే ఆవిడది. ఫోను నమ్ముకోకండి, కొండల్లో మధ్యాహ్నానికే బ్యాటరీ చచ్చిపోతుంది. దారి చూపించే మంచి జీపీఎస్ యంత్రం ఒకటి ఎంచుకోండి."

ఎంచుకోండి! ఆ మాటకి బావ ముఖం పాలిపోయింది.

కొట్టుకి నన్నూ తీసుకెళ్ళాడు. కొట్టతను ఓపిగ్గా చెప్పాడు. "కొత్తవాళ్ళు కదా, ఈ పసుపుది తీసుకోండి సార్. బటన్లున్నాయి, చేతులు తడిగా ఉన్నా నొక్కొచ్చు. మామూలు బ్యాటరీలు ఎక్కడైనా దొరుకుతాయి. ఈ నల్లది టచ్ స్క్రీన్. మ్యాపు పెద్దగా, అందంగా కనబడుతుంది."

"రెండూ ఇవ్వండి. పరీక్ష చేసి ఒకటి తిరిగిచ్చేస్తాను."

"అలాగే. కానీ ఆరుబయట చూడండి సార్. ఆకాశం కనబడాలి వాటికి."

"పరీక్ష చెయ్యడం నాకు చెబుతారా?" అని బావ అతని ముఖంలోకి వంగి చూశాడు. "మీ ఎడమ కన్ను పవరు మారింది. చూపించుకోండి."

ఇంటికొచ్చి ముందు గది కిటికీలు మూసి, తెరలు లాగి, పసుపు యంత్రాన్ని గడ్డం స్టాండు మీద పెట్టి, తను కుర్చీలో కూర్చున్నాడు.

"ఏమండీ, బయటికి తీసుకెళ్ళి చూడమన్నాడు కదా!" అంది అక్క.

"చీకటి గదిలో చూడలేనిది బయట ఏం చూస్తుందే? నేనెవర్నైనా నడివీధిలో నిలబెట్టి పరీక్ష చేశానా?"

ఆకాశం కనబడక ఆ యంత్రం పాపం దానికి తోచింది చెప్పింది. పక్కింటి వంటింట్లో ఉన్నావంది. బావ దాన్ని పట్టుకుని తిన్నగా అక్కడికే వెళ్ళాడు. వెనకాలే నేనూ వెళ్ళాను. దర్జీ స్టవ్వు ముందు నిలబడి ఉంది.

"ఒక్క నిమిషం తల్లీ. నేనిక్కడ ఉన్నానో లేదో చూసుకుని పోతాను."

"ఉన్నారు కదా అన్నయ్యగారూ, నిక్షేపంలా కనబడుతూనే ఉన్నారు."

"అది మీ మాట. నాకు యంత్రం మాట కావాలి."

యంత్రం కాస్త ఆలోచించి, బావ తన ఇంటి ముందు గదిలో ఉన్నాడని చెప్పింది. ఆయన ముఖం విప్పారింది. "చూశావుటోయ్! మనిల్లు దీనికి తెలుసు. నేనే తప్పు చోట కూర్చుంటున్నాను."

ఆ సాయంత్రం కుర్చీని పక్కింటి గోడకేసి జరిపించాడు. తర్వాత నల్లదాన్ని స్టాండెక్కిస్తే అది నడిరోడ్డులో ఉన్నావంది. కుర్చీ మళ్ళీ గుమ్మంకేసి జరిగింది. మోసినవాణ్ణి నేనే. వారమంతా కుర్చీ గదిలో తిరుగుతూనే ఉంది, బావ రోజూ దర్జీ వంటింట్లో నిలబడి వస్తూనే ఉన్నాడు.

"మీ ఇద్దరి బుర్రలూ కలిపినా ఒక మనిషికి సరిపోవురా తమ్ముడూ," అంది అక్క. తర్వాత గొంతు తగ్గించింది. "ఎలాగోలా ఆయన్ని ఆ పార్కుకి తీసుకెళ్ళరా. ఆదివారాలు ఆయన లేకుండా ఆ కొండల్లో నాకు మాత్రం ఏం బాగుంటోంది?"

శనివారం తీసుకెళ్ళాను. ఆరుబయటికి వచ్చి అక్క ఇచ్చిన అంకెలు నొక్కగానే యంత్రాలు రెండూ బుద్ధిగా దారి చూపించాయి. కానీ దట్టమైన చెట్ల కిందికి చేరాక మళ్ళీ మాట తేడా వచ్చింది. పసుపుది సిమెంటు బల్ల అంటుంది, నల్లది మంచినీళ్ళ కుళాయి అంటుంది. రెంటికీ మధ్య పట్టుమని పదడుగులు లేవు. ఇంకెవరైనా అయితే ఆ మధ్యంతా చేత్తో తడుముకునేవారు. బావ పరీక్ష మొదలుపెట్టాడు.

స్టాండు లేదు కాబట్టి నా భుజమే స్టాండు. ఓ యంత్రం నా కుడి భుజం మీద, ఇంకోటి ఎడమ భుజం మీద. ఒకదాన్ని అరచేత్తో మూసి, రెండోది చూపించేవాడు. "ఇది బాగుందా... ఇదా?" నేను మెడ తిప్పి చూసి "మొదటిది" అంటే బల్ల దగ్గరికి, "రెండోది" అంటే కుళాయి దగ్గరికి. పార్కు వాచ్‌మన్ వచ్చాడు.

"ఏం పోయింది సార్?"

"ఏమీ పోలేదయ్యా. మేమెక్కడున్నామో తేల్చుకుంటున్నాం."

"పార్కులో ఉన్నారు సార్."

"అందరూ ఇదే మాట," అన్నాడు బావ విసుగ్గా.

బల్లకీ కుళాయికీ మధ్య తిరిగి తిరిగి నా మోకాళ్ళు మొరాయించాయి. సగం దారిలో ఆగిపోయాను. మళ్ళీ ఒకటి మూశాడు, ఒకటి చూపించాడు. ఇదా, ఇదా?

"రెండూ ఒకేలా ఉన్నాయి బావా."

బావ నా భుజాల మీంచి యంత్రాలు రెండూ తీసేశాడు. దుకాణంలో ఆయన ఎదురుచూసేది ఆ మాట కోసమే. మార్చిన అద్దానికీ ముందటిదానికీ తేడా తెలియడం లేదని ఎదుటివాడు అన్నాడంటే, పరీక్ష అయిపోయినట్టు. కావలసిన అద్దం దొరికినట్టు.

"అయితే ఇక్కడే," అని అక్కడికక్కడే కూలబడి, దారి పక్కన పాతిన ఇటుకల వెనక చెయ్యి పెట్టాడు. ఆకుల కిందనుంచి కళ్ళజోడు డబ్బీ ఒకటి బయటికొచ్చింది. ఆయన దుకాణం డబ్బీయే. మూత మీద దుకాణం బొమ్మ సగం చెరిగిపోయి ఉంది. అక్క ఇన్నేళ్ళూ ఇంట్లో దాచుకున్నట్టుంది. బావ దాన్ని చేత్తో తుడిచి, మూత తెరిచాడు.

లోపల పేరు రాయడానికి కాగితం ముక్క ఉంది. జేబులోంచి రెండు పెన్నులు తీశాడు. "నీలం రంగుదా, నల్లదా?"

నేనప్పుడు కుళాయి దగ్గర నీళ్ళు తాగుతున్నాను. మూతి తుడుచుకుని వచ్చేసరికి రాసేశాడు. ఏ పెన్నుతో రాశాడో నాకు తెలీదు.

సంగతి విని దర్జీ నవ్వింది. "సీటు ఆయనకే ఇచ్చెయ్యండి వదినగారూ. నా వంటిల్లు నాకు మిగులుతుంది."

ఆదివారం నేను పెందలాడే లేచి, తలుపు తీసి పెట్టుకుని, చొక్కాల కోసం కూర్చున్నాను. మెట్ల మీద అడుగుల చప్పుడు కాలేదు. పుస్తకం తెరిచాను గానీ ఒక్క వాక్యం ముందుకి సాగలేదు. వ్యాను హారను వినబడి కిటికీ దగ్గరికి వెళ్ళాను.

అక్క ముందెక్కింది. వెనక బావ. ఎప్పుడూ నాకు చూపించని గళ్ళ చొక్కా ఒకటి వేసుకున్నాడు. మెడలో ఒక్క యంత్రమే వేలాడుతోంది, పసుపుది. దాన్ని చూసుకుంటూ మెట్టెక్కాడు, తల వంచుకుని లోపలికి దూరాడు, తలుపు లాక్కున్నాడు. పై వాటా వైపు ఒక్కసారైనా చూడలేదు. వ్యాను మలుపు తిరిగింది.