వాల్వు దొరికింది

నాన్నకు ఊపిరితిత్తుల్లో గడ్డ ఉందని తేలేసరికి నేను హైదరాబాదులో కేన్సర్ కణాల మీదే పరిశోధన చేస్తున్నాను. ఇదంతా దేవుడి ఏర్పాటన్నారు మా చుట్టాలు. నాకు ఒళ్ళు మండింది. మా ల్యాబులో మందులెక్కడివి? కంప్యూటర్లు ఉండేవి. కణంలో ఏ జీను ఏ జీనుకు పని పురమాయిస్తుందో చుక్కలుగా, గీతలుగా గీసుకుని, ఎక్కడ దెబ్బ కొడితే ఆ కణం చస్తుందో వెతికేవాళ్ళం. వెతకడం వరకే మా పని.

రాయ్‌పూర్ రాజధానిగా కొత్త రాష్ట్రం వచ్చిన కొత్తలో నాన్న అక్కడి ఉక్కు ప్లాంటులో రిటైరై, ఆ దగ్గర్లోనే కోహ్కాలో ఇల్లు కట్టుకున్నాడు. కీమో ఇంజెక్షన్లకి ఆయన జుట్టంతా ఊడిపోయాక నేను సెలవుకి వెళ్ళినప్పుడు, వరండాలో కూర్చోబెట్టుకుని అడిగాడు.

"నీ పనేటో నాకు తెలిసీలాగ సెప్పమ్మా."

ఆయన ఉద్యోగమంతా బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర గ్యాసు లైన్ల మీదే గడిచింది. అందుకే ఆ భాషలోనే చెప్పాను. "ఆ గీతలు మీ గ్యాసు లైన్లు అనుకో నాన్నా. ఏ వాల్వు కట్టేస్తే గడ్డకి తిండి ఆగిపోతుందో వెతుకుతున్నాం."

"దొరికినాదా?"

"ఒకటి దొరికినట్టే ఉంది."

"అరే వాహ్!" అన్నాడు. అంత నీరసంలోనూ లేచి వెళ్ళి పక్కింటి భయ్యాకి చెప్పొచ్చాడు.

ప్లాంటులో గ్యాసు ఎక్కడైనా లీకైతే, ఏ వాల్వు కట్టాలో కనిపెట్టేసరికే అందరికీ తల ప్రాణం తోకకొచ్చేది. కనిపెట్టాక ఇంకేముంది, షట్‌డౌన్ తీసుకోవడం, కట్టెయ్యడం, టీకి పోవడం. వాల్వు దొరికిందంటే ఆ షిఫ్టులోనే పని అయిపోయినట్టు. నాన్నకు నా మాట అలాగే వినపడింది.

నేను హైదరాబాదు వెళ్ళిపోయాను. ఫోనులో అమ్మ ఎప్పుడూ ఒకటే మాట, "ఎల్లొస్తన్నాడే, బాగానే ఉన్నాడు." కీమో ఇంజెక్షన్ల కోసం రాయ్‌పూర్ వెళ్ళొస్తున్నాడనుకున్నాను.

మళ్ళీ ఇంటికి వెళ్ళేసరికి నాన్నకి జుట్టు మొలిచింది. ఉంగరాలు తిరిగి, చంటిపిల్లాడి జుట్టులా మెత్తగా ఉంది. తల నిమిరి మురిసిపోయాను కూడా. కాసేపటికి గానీ తట్టలేదు. ఇంజెక్షన్లు పడుతుంటే జుట్టెలా మొలుస్తుంది?

"రాయ్‌పూర్ ఎప్పుడెళ్ళాలమ్మా?" అన్నాను. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయింది.

"ఆ పాడు ఇంజెక్షన్లు ఇంకెందుకే?" అన్నాడు నాన్న. "వాల్వు దొరికిపోనాది కదా! నీ మందు వొచ్చీదాకా ఒళ్ళు గుల్ల సేసుకోడమెందుకు? నువ్వు గోల సేస్తావని నేనే సెప్పొద్దన్నాను మీ అమ్మకి."

అరిచాను. ఇంటి ముందు మనుషులు ఆగి చూసేంతగా అరిచాను. ఆ పూటే టాక్సీ పిలిచి రాయ్‌పూర్ తీసుకెళ్ళాను. గడ్డ కాలేయానికి కూడా పాకిందన్నాడు డాక్టరు. ఇక ఇంటి దగ్గరే ఉంచుకుని నొప్పి తెలియకుండా చూసుకోమన్నాడు.

తర్వాత నాన్న కోసం ప్రార్థన చెయ్యడానికి ఇంటికొచ్చిన చర్చివాళ్ళు కూడా, నాన్న అందరికీ చెప్పుకున్న ఆ మందు గురించే అడిగేవాళ్ళు. "ఇంకా రాలేదేటి?" అని. పెరట్లోకి పోయి నిలబడేదాన్ని. నా చదువు మీద అసహ్యం వేసేది. ఆ చుక్కల మీద, గీతల మీద ఉమ్మెయ్యాలనిపించేది.

ఒకరోజు నాన్న మంచం పక్కన కూర్చుని అంతా చెప్పాను. నేను వాల్వు అన్న ఆ జీనును ఆపే మందు లోకంలో ఎవరి దగ్గరా లేదని. తయారు చెయ్యడానికి ఏళ్ళు పడుతుందని. తయారైనా కణం ఇంకో దారి వెతుక్కోవచ్చని. నాన్న కళ్ళు మూసుకుని విన్నాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడినా బాగుండేది.

"అయితే వాల్వు దొరికినాది గానీ, కట్టీ మనిషి లేడన్నమాట."

"లేడు నాన్నా."

చాలాసేపు దగ్గాడు. దగ్గు ఆగాక నా చెయ్యి పట్టుకున్నాడు.

"అదెక్కడుందో నీకు తెలుసు కదమ్మా. నన్ను తీసుకెల్లు. నేను కట్టీసొస్తాను."

అప్పటికి ఆయన్ని మంచం మీద పక్కకి తిప్పాలన్నా అమ్మా నేనూ ఇద్దరం పట్టాలి.