కుందూ గట్టున జొన్న విత్తనాల సారు

నేను నంద్యాల సబ్‌డివిజన్‌లో సూపర్‌వైజరుగా చేరింది 1977 ఫిబ్రవరిలో. నీటిపారుదల శాఖలో డిప్లొమా చదివినవాళ్లకు మొదట దొరికే హోదా అది. పైన డిప్యూటీ ఇంజనీరు డి.ఈ., ఆయన పైన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ఈ.ఈ.; కింద వర్క్ ఇన్‌స్పెక్టర్లు, గట్ల మీదా కాలువల మీదా తిరిగే లస్కర్లు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. కృష్ణా డెల్టాలో పుట్టినవాణ్ణి. నీళ్లు మనం చెప్పిన చోటే పారతాయనీ, కింది ఉద్యోగి ఎప్పుడూ అబద్ధమే చెబుతాడనీ గట్టి నమ్మకంతో సీమకు వచ్చాను.

ఆ ఆగస్టులో ఒక ఉదయం డి.ఈ. గారు పిలిచి నా ముందు ఒక కాగితం పెట్టారు. కుందూ నది వెంబడి, నంద్యాలకు దిగువ నుంచి దొర్నిపాడు వైపు దాకా మాకు మూడు ఊళ్లలో గేజ్ పలకలుండేవి. గేజ్ పలక అంటే మీటర్లు, సెంటీమీటర్లు గుర్తులున్న ఎనామిల్ రేకు. ఏటి ఒడ్డున రాతి స్తంభానికి నిలువుగా బిగిస్తాం. నీళ్లు ఏ గీతను తాకుతున్నాయో పొద్దున ఆరుకు, మధ్యాహ్నం పన్నెండుకు, సాయంత్రం ఆరుకు చూసి రిజిస్టరులో రాయడం గేజ్ రీడరు పని. ఊళ్లోనే ఉండే మనిషికి ఇచ్చే చిన్న పార్ట్‌టైం ఉద్యోగం. వరద కాలంలో దిగువ ఊళ్ల ప్రాణాలు ఆ అంకెల మీదే ఆధారపడి ఉంటాయి.

ఆ కాగితం వర్క్ ఇన్‌స్పెక్టరు ఇచ్చిన రిపోర్టు. మూడో ఊళ్లో ఒక మధ్యాహ్నం పలక మీద నీళ్లు ఒక మీటరు ముప్పై దగ్గర ఉంటే, రిజిస్టరులో అదే వేళకు తొంభై నాలుగు సెంటీమీటర్లని రాసి ఉందట. రీడరు దానియేలు ఇంట్లో కూర్చొని తోచింది రాస్తున్నాడని ఆయన అనుమానం. ముందస్తు కబురు లేకుండా మూడు ఊళ్లూ ఒకే రోజు నడిచి చూసి రమ్మని డి.ఈ. గారి ఆజ్ఞ. తప్పు తేలితే దానియేలుకు ఉద్యోగం ఉండదు. నాకు మొదటి ఆకస్మిక తనిఖీ. ఛార్జిమెమోలో వాడే మాటలన్నీ ఆ సాయంత్రమే మనసులో కూర్చుకున్నాను. (ఊళ్ల పేర్లు రాయడం లేదు. మనుషుల పేర్లూ మార్చాను.)

మర్నాడు తెల్లవారి బస్సు దిగి, లస్కరు ఖాజా మియాతో గట్టు పట్టాను. ఖాజా నాకంటే పాతికేళ్లు పెద్ద. ఏటి మీద ఏ రాయి ఎప్పుడు కదిలిందో చెప్పగల మనిషి. తూర్పున నల్లమల నీలంగా ఉంది. రెండు వైపులా నల్లరేగడి, తొలకరికి వేసిన ముంగారి జొన్న మోకాళ్లు దాటి ఉంది. ఆ ఊళ్లు పాతవి. ఊరి మొగదాల కూలిన బురుజు, దాని మీద మేకలు, దాని వెనక నాపరాళ్ల గోడల మట్టిమిద్దెలు. ప్రతి ఊళ్లోనూ ఒక పాత చర్చి, దానికి ఒక గంట.

మొదటి ఊరికి చేరేసరికి అక్కడి రీడరు గట్టు మీద నిలబడి ఉన్నాడు. ఊళ్లో అంగడి నడిపే శెట్టి ఆయన. ఉతికిన పంచె, చంకలో రిజిస్టరు, చేతిలో టీ చెంబు. పలకకున్న మట్టి కడిగి పసుపు కూడా పెట్టారు. దారినపోయేవాణ్ణి చూసి తెచ్చిన టీ కాదది.

"దినామూ ఇట్లనే ఉంటాము సార్" అన్నాడు శెట్టి, నేను అడగకముందే.

ఆ ఊరు దాటుతుండగా చర్చి గంట రెండుసార్లు మోగింది. ఏదో ప్రార్థన అనుకున్నాను. రెండో ఊళ్లో రీడరు బడిపంతులు. ఆయన ఎదురొచ్చి ఇంటికి తీసుకుపోతే అక్కడ కొర్రన్నం, కోడికూర వేడివేడిగా ఉన్నాయి. కోడి గంట కిందటి దాకా బతికే ఉండాలి. నా రాక దానికి కూడా తెలిసిందన్నమాట.

నేను ఖాజాను పక్కకు పిలిచి నిలదీశాను.

"నేను మీ ఎనకనే నడుస్తాండా గదా సార్. ముందర పోయి యాడ చెప్పేది?" అన్నాడు. అది నిజమే గానీ, నిజం చెప్పే మనిషి అంత హాయిగా నవ్వకూడదని నాకు కోపం వచ్చింది.

అప్పుడు నాకొక గొప్ప ఆలోచన తట్టింది. పంతులు ఇంటి అరుగు మీద నలుగురూ వినేలా, కాళ్లు నొప్పిగా ఉన్నాయనీ, మూడో ఊరు ఇంకోసారి చూస్తాననీ, శిరివెళ్ల వైపు పోయి బస్సెక్కుతాననీ ప్రకటించాను. ఊరు దాటాక నా సంచీ ఖాజాకిచ్చి, ఆళ్లగడ్డ బస్టాండులో కలవమని రోడ్డుకు పంపించాను. ఒక్కణ్ణే అడ్డదారిన చేల మధ్యనుంచి మళ్లీ ఏటి వైపు తిరిగాను. ఈసారి గంట మోగలేదు.

అడ్డదారి నాకు తెలియదన్న సంగతి అరగంటకు గాని తెలియలేదు. నాలుగు దాటుతుండగా మూడో ఊరి పొలిమేరలో ఒక వంక అడ్డొచ్చింది. చూడటానికి గట్టి నేలలాగే ఉంది. రెండు అడుగులు వేశాను. మోకాళ్ల దాకా రేగడిలో దిగబడ్డాను. బూటు ఒకటి అడుగున ఎక్కడో ఉండిపోయింది.

"కాలు గుంజాకప్పా! గుంజేకొద్దీ దిగబడతావు" అని ఒక గొంతు వినిపించింది.

నలభై ఏళ్ల ఆడమనిషి, నాలుగు గేదెలను తోలుకొస్తోంది. నన్ను చూసి తొందరపడలేదు. తీరిగ్గా దగ్గరికొచ్చి, చేతికర్ర ముందుకు చాచింది.

"బోర్లా పండుకోని పాకు. సిగ్గుపడాకు, ఈడ చూసేదానికి నేనూ ఈ ఎనుములే."

పాకాను. ఒంటి నిండా బురదతో బయటపడ్డాక ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది.

"యాడికి పోతాండావప్పా?"

మారువేషం దానంతటదే దొరికిందని నాకు సంతోషం కలిగింది. విత్తనాలు అమ్ముకునేవాణ్ణన్నాను.

"ఏం విత్తనాలు?"

చుట్టూ చూశాను. "జొన్న" అన్నాను.

"మంచిదేనా? ఎకరాకు ఎంత గింజ పడతాది?"

నాకు తెలిసిన పంట వరి ఒక్కటే. "అరమూట" అన్నాను.

ఆమె గేదె వైపు చూసింది. "అరమూట చల్లితే మొలక లేసేదానికి చోటు యాడుంటాదప్పా? ఒకదాని నెత్తిన ఒకటి నిలబడాల్సిందే."

"కొత్త రకం" అన్నాను.

"ఓ, కొత్త రకమా" అని ఒప్పుకుంది. నా సమయస్ఫూర్తికి నేనే మురిసిపోయాను. ఇద్దరం ఏటి వైపు నడిచాం. దారిలో మాటవరసకు అన్నట్టు, ఈ ఊళ్లో దానియేలని గేజ్ రీడరు ఉన్నాడట, రోజూ ఏటి దగ్గరికి వస్తాడా అని అడిగాను.

"దానియేలా? ఆయప్ప ఏటి మొగం చూసి రెండేండ్లాయె."

నోటుబుక్కు తీసి రాసుకున్నాను. ఇంత తేలిగ్గా సాక్ష్యం దొరుకుతుందని అనుకోలేదు.

"ఏం రాస్తాండావు?"

"విత్తనాల లెక్క."

"అట్లనా. అయితే ఇది గూడా రాసుకో. పొద్దెక్కిందాకా లేయడు. రాసినావా?"

"రాశాను."

"అన్నం మాత్రం రెండుపూటలా సక్కంగా తింటాడు. గురక పెడతాడు. గురక గూడా రాసినావా?"

గురక కూడా రాశాను.

ఏటి ఒడ్డున నీళ్లలోకి దిగే పాత రాతి మెట్లున్నాయి. పక్కనే స్తంభం, దానికి మా పలక. నేను చేతులూ కాళ్లూ కడుక్కొని ఒడ్డున కూర్చున్నాను. ఆరు కావస్తుండగా ఆమె గేదెలను గట్టెక్కించి, కొంగులో చుట్టి దోపుకున్న పుస్తకం తీసింది. మా శాఖ గేజ్ రిజిస్టరు. చెవి దగ్గర కొప్పులోంచి పెన్సిలు తీసింది. మూడు మెట్లు దిగి, వంగి పలక చూసి, మెట్టు చూసి, ఏదో గొణుక్కొని రాసింది. నేను లేచి తొంగిచూశాను. పలక మీద నీళ్లు ఒకటి పాయింటు ముప్పై ఎనిమిది. పుస్తకంలో ఒకటి పాయింటు సున్నా రెండు.

"ఇది అబద్ధం! తప్పుడు రీడింగు!" అని అరిచాను.

ఆమె పెన్సిలు కొప్పులో పెట్టుకుంది. "జొన్న విత్తనాలమ్ముకునే ఆయప్పకు గేజీతో పనేందీ?"

తర్వాత పలక వైపు కర్ర చూపించింది.

"ఎండాకాలంలో ఒక సారొచ్చె. మూడుకాళ్ల మిషన్ పెట్టి, ఒక కన్ను మూసి చూసి, ఈ పలక కొట్టించి పోయె. ఆ సారు అచ్చం నీ మాదిరే ఉండె. బురద మాత్రం లేదు."

అది నిజం. ఏప్రిల్‌లో మూడు ఊళ్లలోనూ పాత పలకలు తీసి కొత్తవి బిగించింది నేనే. ఆ రోజు ఒడ్డున గుంపుగా నిలబడి చూసినవాళ్లలో ఆమె ఉందేమో, నేను చూడలేదు. ఆమె నన్ను బాగా చూసింది.

అప్పుడు చెప్పింది. ఆమె పేరు రత్నమ్మ, దానియేలు భార్య. భర్తకు రెండేళ్లుగా ఆయాసం. గట్టు దిగితే మళ్లీ ఎక్కలేడు. అంతకుముందూ ఎనుములను తోలుకొచ్చేటప్పుడు గేజీ చూసేది సగం రోజులు ఆమే. ఈ రెండేళ్లుగా పూర్తిగా ఆమే. చర్చి వాళ్ల మిషన్ బడిలో ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది. పాత పలక ఉన్నన్నాళ్లూ మూడో మెట్టు అంచు తడిసిందంటే సరిగ్గా ఒక మీటరు. కొత్త పలక వచ్చాక అదే మెట్టు తడిస్తే మీటరు ముప్పై ఆరు చూపిస్తోంది.

"మెట్టు కుంగలేదు, ఏరు పెరగలేదు. తప్పు పలకదే గదా సారూ? అందుకే ముప్పై ఆరు తీసేసి రాస్తాండా. రెండు కార్డులు రాసి ఆపీసుకు పంపిస్తిమి. పలికినోడు లేడు."

ఆ కార్డులు వచ్చాయి. ఒక్క ముక్కా చదవకుండా ఫైలులో పెట్టించిన సెక్షను నాదే.

ఇక దాచడానికేమీ మిగల్లేదు. మిగతా రెండు ఊళ్లకూ నా సంగతి ముందే ఎలా తెలిసిందని అడిగాను. ఏరు పొంగితే పై ఊరి చర్చి గంట మూడుసార్లు కొడతారట. అది విని కింది ఊరివాళ్లు కొడతారు. ఆఫీసరు బస్సు దిగితే అక్కడి నుంచే రెండుసార్లు.

"నీళ్లొచ్చినా ఆపీసర్లొచ్చినా ముందరే తెల్సుకోవల్ల గదా" అంది.

నేను నోటుబుక్కు తెరిచాను. ఆమె ముఖంలో మొదటిసారి నవ్వు పోయింది. భర్త పేరు మీద భార్య రీడింగులు రాయడం నిబంధనలకు విరుద్ధమని ఆమెకు తెలుసు. ఆ చిన్న ఉద్యోగం పోతే ఆ ఇంటికి కష్టమని నాకు తెలుస్తోంది.

"గురక కొట్టేయ్ సారూ" అంది మెల్లగా. "మిగిలిందంతా నిజమే. ఏం చేస్తావో చెయ్."

ఆళ్లగడ్డ బస్టాండులో ఖాజా నన్నూ, నా ఒంటి బూటునూ చూసి, నా సంచీ తన భుజానే ఉంచుకున్నాడు. అది ఆయన పెద్దరికం. పొద్దున అనుమానించినందుకు తప్పయిందని చెప్పాను. "బస్సొచ్చింది సార్" అన్నాడంతే.

రెండు రోజుల తర్వాత డంపీ లెవెల్, అదే ఆ మూడుకాళ్ల మిషన్, తీసుకొని మళ్లీ వెళ్లాను. గీతలున్న పొడవాటి స్టాఫు కర్రను రత్నమ్మే నిలువుగా పట్టుకుంది. దానియేలు గట్టు మీద కూర్చొని చూశాడు. ఎత్తు తెలిసిన స్థిరమైన రాయిని బెంచ్‌మార్క్ అంటాం. దాని మీద స్టాఫు పెట్టి లెక్క కడితే పలక సరిగ్గా ముప్పై ఆరు సెంటీమీటర్లు కిందికి బిగించి ఉంది. పాత ఫీల్డ్‌బుక్కు తిరగేశాను. ఏప్రిల్‌లో 1.37 చూసి 1.73 అని రాసుకున్నాను. అంకెలు తారుమారు.

ఫీల్డ్‌బుక్కులో తప్పు అంకెను చెరపకూడదు. అడ్డగీత కొట్టి, పక్కన సరైనది రాసి, తేదీ వేసి సంతకం పెట్టాలి. ఆ పేజీ, నా రిపోర్టు డి.ఈ. గారి ముందు పెట్టి నిలబడ్డాను. రీడింగులన్నీ భార్య తీసుకుంటున్నదనీ, అవన్నీ సరైనవేననీ, ఆమెనే నియమించాలనీ రాశాను. ఆయన రెండుసార్లు చదివారు. ఛార్జిమెమో రాయడానికి పంపిస్తే నీ మీద నువ్వే రాసుకొచ్చావా అని అడిగారు. తర్వాత పార్ట్‌టైం నియామకాల ఉత్తర్వు తెప్పించి, అందులో గేజ్ రీడరు మగవాడై ఉండాలని ఎక్కడా లేదని తేల్చుకొని సంతకం పెట్టారు. నాకు ఒక హెచ్చరిక మెమో ఇచ్చారు. అది నా సర్వీసు రికార్డులో చివరిదాకా ఉంది. గంటల సంగతి నేను రిపోర్టులో రాయలేదు.

ఆ ఏడు వానల చివర ఒక మధ్యాహ్నం కుందూ పొంగింది. ఎగువ నుంచి మాకు టెలిగ్రాం చేరి, మేము జీపులో బయల్దేరేసరికి, కింది ఊళ్లవాళ్లు పశువులనూ పిల్లలనూ గట్టెక్కించేశారు. రత్నమ్మ గంటగంటకూ రాసిన రీడింగులే ఆ వరదకు మా ఆఫీసులో మిగిలిన నమ్మకమైన లెక్క.

తర్వాత ముప్పై ఏళ్లకు పైగా ఉద్యోగం చేశాను. ఆకస్మిక తనిఖీ అని ఉత్తర్వు వచ్చినప్పుడల్లా ఒకరోజు ముందే కబురు పంపించి వెళ్లేవాణ్ణి. దాచాలనుకున్నవాడు ఒక్క నిమిషంలో దాచేస్తాడు. చెప్పుకోవాల్సింది ఉన్నవాడికే వ్యవధి కావాలి. ఇక రిజిస్టరులోని అంకె, పలక మీది అంకె కలవనప్పుడు ముందు వెళ్లాల్సింది బెంచ్‌మార్క్ దగ్గరికి. మనిషి దగ్గరికి ఆ తర్వాత.